పులికాటు ఒడ్డున దారి చూపువాడు

మార్గశిర పుష్యమాసములు వచ్చుసరికి చెన్నపురి యాంధ్ర కుటుంబములు సెలవు దినములలో పులికాటు సరస్సునకో, నేలపట్టునకో, వేదంతాంగళ్ చెరువునకో ప్రయాణమగుట పరిపాటియైనది. ఉత్తరదేశములనుండి వచ్చు సూదితోక బాతులను, గులాబివన్నె ఫ్లెమింగోలను, చెట్లపై గూళ్ళు కట్టు గూడబాతులను జూచుట వీరి కోరిక. ఒకప్పుడు దొరలు తుపాకులతో వెళ్ళిన తావులకే నేడు మనవారు కెమెరాలతో వెళ్ళుచున్నారు. పరికరము మారినది గాని, పక్షి యెచ్చట మేయునో యెరిగిన స్థానికుని కూలికి కుదుర్చుకొను ఆచారము మారలేదు. ఆ కూలి బేరమును గూర్చియే నేడు నాలుగు మాటలు వ్రాయదలచితిమి.

వేటల కాలమున దారి చూపువాడు తెల్లవారకమున్నె దొరను మడుగు గట్టునకు గొనిపోయెడివాడు. మంద లేచు దిక్కు చెప్పెడివాడు. కూలిన పిట్టను నీట దిగి తెచ్చెడివాడు. పిట్టల లెక్క మాత్రము దొరగారి ప్రతిష్ఠలో చేరెడిది. 1938 నవంబరు 12వ తేదీన భరత్‌పూరులో వైస్రాయి లిన్‌లిత్‌గో ప్రభువు పాల్గొన్న వేటలో ఒక్కనాడే 4,273 పక్షులు నేలగూలినవి. 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టము ఈ విలాసమునకు కళ్ళెము వేసినది. 1991 నాటి సవరణ వినోదవేటకు లైసెన్సులిచ్చు పద్ధతినే తొలగించినది. చంపుటయే గాక, వల పన్నుట, ఉచ్చు వేయుట, అందులకు ప్రయత్నించుట సైతము చట్టదృష్టిలో వేటయే. కావున బాతుల వేటకు దారి చూపెదనని యెవడేని నేడు ముందుకు వచ్చినచో, వానికి డబ్బిచ్చి వెంటబోవు పెద్దమనిషియు నేరమున భాగస్వామి యగును. ఊరివాడే పిలిచినాడను సాకు చెల్లదు.

అమెరికాలో బాతుల వేట నేటికిని చట్టసమ్మతమే. అయినను 1934 నాటి శాసనము ననుసరించి అచ్చటి బాతుల వేటగాడు ప్రభుత్వపు స్టాంపు కొనవలసియున్నది. ఆ ధనము పక్షులు వసించు మడుగులను సేకరించి కాపాడుటకు వినియోగపడుచున్నది. జాతీయ వన్యప్రాణి శరణాలయములలో రుసుము గైకొని పరులకు దారి చూపువాడు అధికారుల అనుమతి పొందవలయును. వారి వేట మనకు వలదు. కాని ప్రజల సొత్తుపై ధనము గడించువాడు ప్రజలకు జవాబుదారి యను వారి నియమము మనకును గ్రాహ్యమే.

మన సరస్సు గట్టున జరుగు బేరము వేరు. "ఇంకను దగ్గరకు పోనిమ్ము, మందను లేపుము, ఎగురుచుండగా ఫొటో కావలెను, మరి రెండువందలిత్తును" అనువారు విద్యావంతులలోనే కలరు. వేలమైళ్ళెగిరి వచ్చిన బాతు మేతవేళ పలుమార్లు లేచిపోవలసివచ్చినచో, తిరుగు ప్రయాణమునకై కూడబెట్టుకొనవలసిన బలము మన ముచ్చటకు ఖర్చగును. అపాయము పక్షికి మాత్రమే కాదు. 2011 డిసెంబరు 25న ఈ సరస్సుననే విహారమునకు వచ్చినవారి పడవ మునిగి 22 మంది ప్రాణములు గోల్పోయిరి. కట్టుదిట్టములు లేని పడవ బేరము ఫలితమెట్లుండునో ఆ పండుగనాటి దుఃఖము తెలిపినది.

అట్లని తప్పంతయు పడవవానిపై మోపుట న్యాయము గాదు. జాలరులకు, యానాదులకు, నక్కలవారికి ఈ నీటి లోతులు, పిట్టల నడకలు తరతరముల విద్య. చట్టము వలను విడువుమన్నది. ఆ విద్యకు వేరొక యుపయోగము చూపవలసిన భారము మనది. అది యసాధ్యమేమియు గాదు. పాముతోలు వర్తకము నిషిద్ధమైన పిమ్మట ఇరుళులు 1978లో సహకార సంఘముగా నేర్పడిరి. చెన్నపురికి దక్షిణమున వడనెమ్మేలిలో విషము తీసి మందుల తయారీకి అందించుచున్నారు. పాములను పట్టు నేర్పే వారికి జీవనాధారమైనది, ప్రజలకు ప్రాణరక్షణయైనది. వేదంతాంగళ్ రైతుల కథ అంతకంటె పురాతనము. తమ చెరువు పక్షులను సోల్జర్లు కాల్చుచున్నారని వారు మొరపెట్టుకొనగా, 1798లో చెంగల్పట్టు కలెక్టరు లయొనెల్ ప్లేసు ఆ పక్షుల రక్షణకు కౌలునిచ్చెను. పక్షుల రెట్ట కలిసిన చెరువు నీరు తమ పొలములకు ఎరువగునని వారెరుగుదురు. పక్షివలన మేలు పొందు గ్రామము పక్షిని కాపాడునని దీనివలన స్పష్టమగుచున్నది.

1953 వరకు పులికాటు సరస్సంతయు ఒకే మద్రాసు రాష్ట్రములో నుండెడిది. నేడు అధికభాగము ఆంధ్రప్రదేశమునను, శేషము తమిళనాడునను కలదు. పక్షికి ఈ యెల్లలతో నిమిత్తము లేదు గనుక రెండు గట్టులకును ఒకే పద్ధతి యుండుట యుక్తము. తీరగ్రామములవారికే శిక్షణ నిచ్చి గుర్తింపు పత్రములు ఇవ్వవలయును. దినకూలి ముందే నిర్ణయింపవలయును. మందకు ఎంత దూరమున నిలువవలెనో, పడవకు ఎందరు మించరాదో శాసింపవలయును. ఇరు ప్రభుత్వముల అటవీశాఖలు కలిసి యోచింపదగిన విషయమిది.

అంతవరకు మన వైద్యులు, న్యాయవాదులు, ఇంజనీర్లు ఊరకుండ నవసరము లేదు. అనుమతి లేని పడవ నెక్కకుడు. మందను లేపుమని కోరకుడు. పిట్ట దూరముగానే మెలగిననాడును దారి చూపినవానికి పూర్తి కూలి నిండు మనసుతో ఇండు. మనమిచ్చు సొమ్ము వాని తెలివికే గాని పక్షిని బెదరించుటకు గాదని వానికి తెలిసిననాడు, ఆ మడుగునకు వానికంటె మంచి కావలివాడు దొరకడని మా విశ్వాసము.