రెండో జత చక్రాలు షౌక్ కాదు

నవంబర్ వచ్చిందంటే మన పాతబస్తీ ఇళ్లల్లో ఒక కొత్త బహస్ మొదలవుతుంది. షికాగోలోనో టొరంటోలోనో చదువుకుంటున్న కొడుకు ఫోన్ చేసి, "అబ్బా, కారుకు ఇంకో నాలుగు టైర్లు కొనాలి, వాటికి రిమ్ములు కూడా" అంటాడు. ఇక్కడ అమ్మీ గుండె ధక్కుమంటుంది. జేవర్ గిరవీ పెట్టి పంపిన పిల్లాడాయె. ఉన్న నాలుగు చక్రాలు బాగానే తిరుగుతున్నప్పుడు ఇంకో నాలుగెందుకు? "ఫుజూల్ ఖర్చు బేటా, దోస్తుల్ని చూసి నువ్వూ మొదలుపెట్టకు" అని నసీహత్ చేస్తాం. వాడు "జీ" అని ఫోన్ పెట్టేస్తాడు. ఆ "జీ" అంటేనే నాకు భయం.

సాఫ్ సాఫ్‌గా చెప్తాను. మంచు పడే ఊళ్లో కారు నడిపే పిల్లలకు ఆ రెండో జత షౌక్ కాదు, జరూరత్.

మన షక్‌కు వజా లేకపోలేదు. మన గల్లీల్లో కొత్త చక్రాలంటే అలాయ్ వీల్సే. శాదీ ముందు కారుకు మెరిసే చక్రాలు బిగించడం, ఆ మెరుపు కింద టైరు మాత్రం గుండు కొట్టించుకున్నట్టు నున్నగా ఉండటం మనం రోజూ చూసేదే. అందుకే పిల్లాడు రిమ్ములు అనగానే మనకు నుమాయిష్ గుర్తొస్తుంది. వాడు అడుగుతున్నది అది కాదు.

మామూలు టైరు రబ్బరు వేడిలో మెత్తగా ఉండి రోడ్డును పట్టుకుంటుంది. దాదాపు 7 డిగ్రీల కంటే చలి పెరిగితే బిగుసుకుపోవడం మొదలవుతుంది. ఆ చలి ఎంతో మన లెక్కలో చూడండి. హైదరాబాద్‌లో ఇప్పటిదాకా నమోదైన అతి తక్కువ ఉష్ణోగ్రత 6.1 డిగ్రీలు, అదీ 1946 జనవరిలో. అంటే మన షహర్ రికార్డు చలి దగ్గర ఆ టైరుకు కష్టాలు మొదలవుతాయి. టొరంటోలో, షికాగోలో నెలల తరబడి అంతకంటే ఎక్కువ చలే. మంచు పడకపోయినా, పొడి రోడ్డు మీద కూడా, బిగుసుకున్న రబ్బరుతో బ్రేకు వేస్తే కారు ఆగాల్సిన చోట ఆగదు.

చలికాలపు టైరు రబ్బరు వేరు. ఆ చలిలోనూ మెత్తగానే ఉంటుంది. దాని మీద బ్లేడుతో గీసినట్టు వందల సన్నని గాట్లు ఉంటాయి, అవే మంచును పట్టుకుంటాయి. అసలుదో కాదో తెలుసుకోవడానికి టైరు పక్కన మూడు శిఖరాల కొండ, దాని లోపల మంచు పువ్వు గుర్తు చూడాలి. "ఎం ప్లస్ ఎస్" అనే అక్షరాలు మాత్రమే ఉంటే అది కాఫీ కాదు. ఆ అక్షరాలు టైరు గాళ్ల ఆకారం గురించి చెప్తాయి గానీ, చలికి రబ్బరు తట్టుకుంటుందని జమానత్ ఇవ్వవు.

"సరే, టైర్లు కొనుక్కో, రిమ్ములెందుకు?" అనేది ఇంటి పెద్దల రెండో సవాల్. వాజిబైన సవాలే. ఒకే జత రిమ్ములుంటే ఏటా రెండుసార్లు టైర్లు ఊడదీయించి, వేరేవి ఎక్కించి, బ్యాలెన్సింగ్ చేయించాలి. ప్రతిసారీ మజ్దూరీ, పైగా ఊడదీసేటప్పుడు టైరు అంచు దెబ్బతినే ప్రమాదం. చలికాలపు టైర్లు వాటి సొంత రిమ్ములకే ఉంటే జాకీ పెట్టి నట్లు విప్పి చక్రం మార్చేయడమే. రిమ్ముల ఖర్చు కొన్ని సీజన్లలో తిరిగి వస్తుంది. ఇక టైర్ల హిసాబ్: ఒక జత తిరుగుతుంటే ఇంకో జత ఆరామ్ చేస్తుంది. కాబట్టి ఎనిమిది టైర్లు కొన్నా రబ్బరు రెండింతలు అరగదు.

ఎంచుకోవడంలో కంజూసీ పనికొచ్చే చోటు ఉంది, పనికిరాని చోటు ఉంది. రిమ్ముల దగ్గర కంజూసీ చేయొచ్చు. సాదా ఉక్కు రిమ్ములు చాలు. అక్కడ రోడ్ల మీద చల్లే ఉప్పుకు ఖరీదైన అలాయ్ చక్రాలు పాడవుతాయి కూడా. కారుకు 16 అంగుళాల చక్రాలుంటే, బ్రేకులకు తగలకుండా పడుతుందని ఖాయం చేసుకుని, 15 అంగుళాల రిమ్ముకు కాస్త ఎత్తైన టైరు వేసుకోవచ్చు. మొత్తం చక్రం ఎత్తు మాత్రం మారకూడదు. చిన్న సైజు టైరు ధర సాధారణంగా తక్కువే. నట్ల రంధ్రాల కొలత, మధ్య రంధ్రం సైజు, చక్రం లోపలికీ బయటికీ కూర్చునే దూరం, ఈ మూడూ కారుకు సరిపోవాలి.

కంజూసీ పనికిరాని చోటు ఇది: "రెండే కొను బేటా" అనకండి. ముందు రెండు పట్టుకుని వెనక రెండు జారితే కారు గిర్రున తిరుగుతుంది. నాలుగూ ఒకే రకం ఉండాలి. ఊరు వదిలి వెళ్లేవాళ్ల దగ్గర సెకండ్ హ్యాండ్ జత కొన్నా ఐబ్ లేదు, కానీ టైరు పక్కన నాలుగంకెలు చదవాలి. 3421 అంటే 2021లో 34వ వారం తయారైందని. గాళ్ల లోతు 4 మిల్లీమీటర్ల కంటే తగ్గితే మంచులో భరోసా పెట్టుకోవద్దు. చక్రాలు మార్చాక వంద కిలోమీటర్లలోపు నట్లు మళ్లీ బిగించి చూసుకోవాలి.

అందరికీ ఇది అవసరమని నేననను. డల్లాస్‌లో ఉన్న పిల్లాడికి రెండో జత నిజంగానే ఇస్రాఫ్. మంచు అప్పుడప్పుడే పడే చోట, ఆ కొండ గుర్తున్న ఆల్ వెదర్ టైర్లు ఒకే జత ఏడాదంతా నడుపుకోవచ్చు. అదే కెనడాలోని క్యూబెక్‌లో అయితే మన మర్జీతో పని లేదు. అక్కడ 2008 నుంచి చలికాలపు టైర్లు కానూన్. ఇప్పుడు డిసెంబర్ 1 నుంచి మార్చి 15 దాకా ఉండి తీరాలి. ఒంటారియోలో అలాంటి టైర్లు వేసుకున్నవాళ్లకు బీమా కంపెనీలు 2016 నుంచి తగ్గింపు ఇవ్వాలి. ఆ తగ్గింపు అడిగావా అని మనమే గుర్తుచేయొచ్చు.

ఇంత దూరం ఆలోచించాక మన వాకిట్లో ఉన్న స్కూటర్ వైపు కూడా ఒకసారి చూడాలి. మనకు మంచు లేదు, బర్సాత్ ఉంది. 2020 అక్టోబర్‌లో ఫలక్‌నుమా, హఫీజ్ బాబా నగర్ వైపు ఇళ్లల్లోకి నీళ్లు ఎలా వచ్చాయో మరిచిపోయినవాళ్లు లేరు. అంత తూఫాన్ అక్కర్లేదు. జూన్ మొదటి జల్లుకే రోడ్డు మీది నూనె తేలి, అరిగిన టైరు జారుతుంది. గాళ్లు టైరు కింది నీటిని పక్కకు నెట్టడానికే ఉన్నాయి. వాటి మధ్యలో చిన్న చిన్న గట్లు కనిపిస్తాయి. రబ్బరు అరిగి వాటితో సమానమైందంటే ఆ టైరు ఉమర్ అయిపోయిందన్న మాట. మనం మాత్రం ఇద్దరు పిల్లల్ని ముందు, బేగంను వెనక కూర్చోబెట్టుకుని ఇంకో సీజన్ లాగిద్దాం అంటాం. కొత్త సీటు కవరుకు మాత్రం పైసలుంటాయి.

బండి మొత్తంలో రోడ్డును తాకేది అరచేయంత రబ్బరు ముక్కే. దాని మీదే ఇంటి చిరాగ్‌లు ప్రయాణం చేస్తాయి. కాబట్టి ఈసారి పిల్లాడు రిమ్ముల మాట ఎత్తితే "ఫుజూల్" అనే ముందు మూడు మాటలు అడగండి: అక్కడ చలి ఎంత? టైరు ఏ సాల్‌ది? నాలుగూ కొంటున్నావా, రెండేనా? జవాబులు సరిగ్గా ఉంటే పైసలు పంపండి. మీ దగ్గర లేకపోతే, ఇంటికి పంపే డబ్బు ఈ నెల ఆపుకొమ్మని మీరే చెప్పండి. వాడంతట వాడు ఆ మాట అనడు.