విందు ఓడింది.. జాబితా గెలిచింది: రియాద్ చెప్పిన పాత కబురు

2005 ఫిబ్రవరిలో రియాద్‌లో ఉన్న మనవాళ్లకు ఆ గుడారాలు గుర్తుండే ఉంటాయి. సౌదీ అరేబియాలో దేశవ్యాప్తంగా మున్సిపల్ ఎన్నికలు జరగడం అదే తొలిసారి. ప్రచారానికి అభ్యర్థులు ఖాళీ స్థలాల్లో గుడారాలు వేసి, తివాచీలు పరిచి, గహ్వా, ఖర్జూరాలతో అతిథులను కూర్చోబెట్టేవారు. ఆపైన ఉపన్యాసం, చివర్లో పళ్లేల నిండా భోజనం. రాజధాని నగరంలో 7 స్థానాలకు 640 మందికి పైగా బరిలో నిలిచారు. అందులో డబ్బున్న వ్యాపారులు చాలామంది ఉన్నారు. ఖర్చుకు ఎవరూ వెనకాడలేదు.

ఫలితాలు వచ్చాక చూస్తే ఏడుకు ఏడూ ‘బంగారు జాబితా’కే దక్కాయి. మత పండితులు మెచ్చిన అభ్యర్థుల పేర్లతో పోలింగ్‌కు ముందు సెల్‌ఫోన్లలో ఎస్సెమ్మెస్‌ల ద్వారా తిరిగిన జాబితా అది. ఏప్రిల్‌లో జెడ్డాలోనూ అదే జరిగింది. ఓడినవారు గగ్గోలు పెట్టారు. అభ్యర్థులు జట్టు కట్టకూడదన్న నిబంధనను ఉల్లంఘించారని ఫిర్యాదులు చేశారు.

సౌదీలో రాజకీయ పార్టీలు లేవు. అందుకే ఈ జాబితా అమెరికాలో ప్రైమరీ చేసే పనిని చేసింది. వందలాది పేర్లలోంచి ‘మన భావాలకు సరిపోయేది వీరే’ అని ముందే వడపోసింది. ఎన్నికల పద్ధతీ కలిసొచ్చింది. నగరంలోని ఓటరు తన వార్డుకే పరిమితం కాకుండా ఏడు వార్డుల్లోనూ ఒక్కో అభ్యర్థికి ఓటు వేయొచ్చు. పక్క పేటలో నిలబడినవారి ముఖం కూడా తెలియనప్పుడు జేబులోని జాబితాయే దిక్కు. గుడారం వేసిన అభ్యర్థి తన పేటను మెప్పించగలిగాడు, జాబితా నగరమంతటినీ కూడగట్టింది.

దీన్ని ఆకాశానికెత్తనక్కర్లేదు. అప్పుడు మహిళలకు ఓటు లేదు, అది 2015 డిసెంబరులోగానీ రాలేదు. సగం స్థానాలను ప్రభుత్వమే నామినేషన్‌తో నింపింది. ఓటరుగా నమోదైనవారూ తక్కువే. పైగా ఎవరో పంపిన జాబితాను కళ్లు మూసుకుని అనుసరించడం సిద్ధాంతమా, విధేయతా అన్న అనుమానం నాకు ఇప్పటికీ ఉంది. అయినా ఒక సంగతి కాదనలేం. భోజనం పెట్టినవాడికి కాకుండా, తమ సంప్రదాయానికి కట్టుబడి ఉంటాడని నమ్మినవాడికి ఆ ఓటర్లు ఓటేశారు.

ఇక్కడ ఓటు లేని మనకు ఇదంతా ఎందుకంటారా? మన ఊళ్లోనూ మనకోసం గుడారాలు వేస్తున్నారు కాబట్టి.

తాయిలాల పోటీ తెలుగువారికి కొత్తది కాదు. 1983 ఎన్నికల ముందు ఎన్టీఆర్ కిలో బియ్యం రెండు రూపాయలకే అంటే, అధికారంలో ఉన్న కాంగ్రెస్ రూపాయి తొంభై పైసలకే ఇస్తామంది. అంతకు చాలా ముందే, 1959లో, సహకార వ్యవసాయాన్ని వ్యతిరేకిస్తూ పుట్టిన స్వతంత్ర పార్టీకి తొలి అధ్యక్షుడు మన ఆచార్య ఎన్.జి.రంగా. రైతు భూమి రైతుదేనని, సర్కారు అతి జోక్యం కూడదని చెప్పిన ఆ పార్టీ 1967లో లోక్‌సభలో 44 స్థానాలు గెలిచింది. 1974లో మరో పార్టీలో కలిసిపోయింది. ఆ తరహా మాట మన రాజకీయాల్లో మళ్లీ గట్టిగా వినిపించలేదు.

గల్ఫ్ కార్మికుల విషయమే తీసుకోండి. గల్ఫ్‌లో చనిపోయినవారి కుటుంబానికి 5 లక్షల రూపాయల ఎక్స్‌గ్రేషియా ఇస్తూ తెలంగాణ ప్రభుత్వం 2024 సెప్టెంబరులో జీవో ఇచ్చింది. జగిత్యాల, నిజామాబాద్, సిరిసిల్ల పల్లెల్లో ఇంటి పెద్దను పోగొట్టుకున్నవారికి అది నిజమైన ఆసరా. దాన్ని తాయిలం అని తీసిపారేయను. ఇ.సి.ఆర్. పాస్‌పోర్టుపై వెళ్లేవారికి తప్పనిసరైన ప్రవాసీ భారతీయ బీమా యోజన రెండేళ్లకు 275 రూపాయల ప్రీమియంతో 10 లక్షల రక్షణ ఇస్తుంది కానీ, అది ప్రమాద మరణానికి, శాశ్వత వైకల్యానికే. క్యాంపులో నిద్రలోనే గుండె ఆగిపోయినవాడి మరణ ధ్రువపత్రంలో ‘సహజ మరణం’ అని ఉంటే ఆ 10 లక్షలు రావు. ఎక్స్‌గ్రేషియా పూడుస్తున్నది ఈ గోతినే.

కానీ జీవోతో వచ్చింది జీవోతోనే పోవచ్చు. కేరళ 2008లో ప్రవాసుల సంక్షేమానికి చట్టమే చేసింది. సభ్యుడు నెలనెలా చందా కడతాడు, అరవై దాటాక పింఛను అందుకుంటాడు. అది ఎవరి దయా కాదు, అతని హక్కు. ఏ ముఖ్యమంత్రి మారినా ఆ చందా లెక్క మారదు. పొదుపు, సొంత వాటా, చట్టం.. నిజానికి సంప్రదాయవాదుల సూత్రాలివి. వాటిని నిలబెట్టింది వామపక్షాలు, కాంగ్రెస్ వంతులవారీగా ఏలిన రాష్ట్రం కావడం వింతే.

మన ఇబ్బంది ఏమిటంటే, ఈ ప్రశ్న అడగాల్సిన చోట మనం లేము. డల్లాస్‌లో పౌరసత్వం వచ్చిన మన బావమరిది పార్టీ ప్రైమరీలో ఓటేసి అభ్యర్థినే ఎంచుకుంటాడు. మన దగ్గర టికెట్ అధిష్ఠానం ఇస్తుంది. 2014లో కాంగ్రెస్ కొన్ని లోక్‌సభ స్థానాల్లో ప్రైమరీ ప్రయోగం చేసింది. వడోదరలో అలా నెగ్గిన అభ్యర్థి, అక్కడ నరేంద్ర మోదీ పోటీకి దిగగానే సీనియర్ నేతకు దారి వదిలాడు. ప్రయోగం అంతటితో చల్లారింది.

ఇక ప్రవాసుల ఓటు సంగతి. 2011 నుంచి ఓటరుగా నమోదయ్యే హక్కు ఉంది కానీ, పాస్‌పోర్టు పట్టుకుని సొంత ఊరి పోలింగ్ కేంద్రానికి వెళ్లాలి. ప్రాక్సీ ఓటు బిల్లు 2018లో లోక్‌సభ దాటి, రాజ్యసభకు చేరకుండానే మురిగిపోయింది. 2024 లోక్‌సభ ఎన్నికలకు 1,19,374 మంది ప్రవాసులు నమోదైతే ఓటేసింది 2,958 మంది. వారిలో 2,670 మంది కేరళవారే. చట్టం ఎవరికి వచ్చిందో, విమానం ఎవరు ఎక్కారో కలిపి చూసుకోండి.

టికెట్లు ఖరారు కాకముందే ఆశావహులు గల్ఫ్ బాట పడతారు. మన సంఘాల వేదికలపై శాలువాలు కప్పించుకుని, బిర్యానీ తిని, గల్ఫ్ బోర్డు గురించి రెండు మాటలు చెప్పి వెళతారు. పార్టీ ప్రైమరీ లాంటిది మనకేదైనా ఉందంటే ఆ సాయంత్రమే. శాలువా కప్పేముందు మైకు అందుకుని అడగండి: బోర్డును జీవోతో పెడతారా, చట్టంతోనా? కార్మికుడి వాటా ఎంత, సర్కారు వాటా ఎంత? మీ పార్టీ మేనిఫెస్టోలో ఈ మాట రాయించాకే టికెట్ అడుగుతారా?