పార్సిల్ రాకపోతే పూచీ ఎవరిది?

నాట్లప్పుడు పైసలు కట్టి ఆన్‌లైన్‌లో ఆర్డరిచ్చిన స్ప్రేయర్ కోతలప్పుడు వస్తే ఏం చేసుకోవాలి? సూర్యాపేట, కోదాడ, మిర్యాలగూడ రైతులం అడుగుతున్నాం. అమ్మినోళ్లు కొరియర్‌ను చూపిస్తారు, కొరియరోళ్లు అమ్మినోళ్లను చూపిస్తారు. ఈలోగా పురుగు పైరును తినేస్తుంది. కొరియర్‌ను కుదుర్చుకుంది మనం కాదు. పైసలు తీసుకున్నోళ్లదే పూచీ!

2020 ఈ-కామర్స్ నిబంధనల ప్రకారం, చెప్పిన గడువు దాటి సరుకు వస్తే పైసలు వాపసు ఇవ్వమనడానికి వీల్లేదు. ప్రకృతి వైపరీత్యం వంటి కారణముంటే తప్ప. ఫిర్యాదు అందిందని 48 గంటల్లో చెప్పాలి, నెలలోపు పరిష్కరించాలి. బతుకుదెరువు కోసం కొనుక్కునే రైతూ వినియోగదారుడే.

ఆర్డర్ నంబరు, రసీదు దాచుకుందాం. 1915కు ఫోన్ చేద్దాం. తేలకపోతే మనముండే చోటి వినియోగదారుల కమిషన్‌లోనే కేసు వేద్దాం. సరుకు విలువ 5 లక్షల దాకా ఫీజు లేదు. ఊరుకుంటే మనమే నష్టపోతాం.