నామ్ ఒకటే, కామ్ రెండు

ఆఫీసుల్లో వాడి సెకండ్ హ్యాండులో అమ్మే చిన్న డెస్క్‌టాప్‌లు మనలాంటి ఇళ్లకు నిజంగా నేమత్. పిల్లల చదువు, దుకాణం హిసాబ్, రాత్రికి టీవీకి తగిలించి ఓ సినిమా... అన్నీ దాంతోనే. ముష్కిల్ అంతా దానికి గ్రాఫిక్స్ కార్డు వెతికేటప్పుడే. డబ్బా చిన్నది, పవర్ సప్లై కమ్‌జోర్, జేబు ఇంకా కమ్‌జోర్. ఈ మూడు హద్దుల్లో ఇమిడే కార్డు గురించే నా మష్వరా.

అందరూ ముందు చెప్పే పేరు ఎన్విడియా జీటీ 1030. 2017లో వచ్చింది. 30 వాట్లు చాలు, వేరే పవర్ వైరు అక్కర్లేదు. సగం ఎత్తు కార్డు కాబట్టి చిన్న డబ్బాలో హాయిగా కూర్చుంటుంది. మెమరీ జీడీడీఆర్5, వేగం సెకనుకు 48 గిగాబైట్లు. 2018లో అదే పేరుతో డీడీఆర్4 మెమరీ కార్డు బజారులోకి దిగింది. దాని వేగం 16.8 గిగాబైట్లే! అంటే దాదాపు మూడో వంతు. పేరు మాత్రం అదే. నా నజర్‌లో ఇది కొనేవాడికి నాఇన్సాఫీ.

సినిమాలు చూడ్డానికే అయితే డీడీఆర్4 కార్డు కూడా బేకార్ ఏమీ కాదు. హెచ్ఈవీసీ, వీపీ9 వీడియోలు రెండూ ఆడిస్తాయి. నుక్సాన్ అంతా గేములు ఆడే పిల్లాడికి. "ఇంత సస్తా కార్డుకి ఇంత బహస్ ఎందుకు భాయ్?" అనే దోస్తులున్నారు. సస్తా కార్డు కొనేవాడే కదా, తప్పు కార్డు వస్తే రెండోసారి కొనలేనివాడు! అందుకే హిసాబ్ అక్కడే పక్కాగా ఉండాలి.

మిగతావాటి సంగతీ చూద్దాం. ఏఎమ్‌డీ ఆర్‌ఎక్స్ 6400 గేముల్లో 1030 కంటే ఎంతో తాకత్ ఉన్నది, 53 వాట్లతోనే. కానీ నాలుగు లేన్ల మీదే నడుస్తుంది కనుక పీసీఐ 3.0 ఉన్న పాత మెషీన్లో దాని జోరు తగ్గుతుంది. ఏవీ1 వీడియోను విప్పే హార్డ్‌వేర్ అందులో లేదు, 1030లోనూ లేదు. ఇంటెల్ ఆర్క్ ఏ310 ఏవీ1ని విప్పుతుంది, తయారు కూడా చేస్తుంది. వీడియోల శౌఖ్ ఉన్నవాళ్లకి నా పసంద్ అదే. గేములకైతే దానికి రీసైజబుల్ బార్ జరూరత్, పాత మెషీన్లలో అది దొరకడం కష్టం.

అసలు సవాల్ ఇంకొకటుంది: మీకు కార్డు కావాలా? మీ మెషీన్లో ఏడో తరం ఇంటెల్ కోర్ గానీ, ఆ తర్వాతిది గానీ ఉంటే, 10 బిట్ హెచ్ఈవీసీ సినిమాలను లోపలున్న గ్రాఫిక్సే విప్పేస్తుంది. అప్పుడు కార్డు ఫుజూల్ ఖర్చు. ఆ పైసలతో ఎస్ఎస్‌డీ వేయించుకుంటే ఫాయిదా రోజూ కనబడుతుంది.

కొనాల్సే వస్తే, దుకాణ్‌దారును రెండే అడగండి. సగం ఎత్తు బ్రాకెట్ డబ్బాలో ఉందా? మెమరీ ఏ రకం? ఆ రకాన్ని బిల్లు మీద రాయించుకోండి. ఇంటికెళ్లాక జీపీయూ-జెడ్ అనే ముఫ్త్ సాఫ్ట్‌వేర్ తెరిచి 'మెమరీ టైప్' చూడండి. బిల్లుకీ దానికీ ఫరక్ ఉంటే, వాపస్ అడిగే హక్ మీదే.