ఆమడ దూరం



లూకా సువార్త 24వ అధ్యాయంలో ఇద్దరు శిష్యులు యెరూషలేము విడిచి ఎమ్మాయు అనే పల్లెకు నడిచి వెళ్తున్నారు. మన తెలుగు బైబిలులో ఆ దూరాన్ని ఆమడ అన్నారు. గ్రీకు మూలంలో ఉన్న కొలతను ఇప్పటి లెక్కలోకి మారిస్తే సుమారు 11 కిలోమీటర్లు. నడకకు రెండు మూడు గంటలు. వారిద్దరి ముఖాలు దుఃఖంతో ఉన్నాయి. ఆదివారం ఉదయాన సమాధి ఖాళీగా ఉందన్న వార్త విన్నారు గాని అది వారి దుఃఖాన్ని తీర్చలేదు.

అప్పుడు పునరుత్థానుడైన ప్రభువు వారితో కలిసి నడిచాడు. ఇక్కడ నేను ఎప్పుడు చదివినా ఆగిపోతాను. ఆయనకు చెప్పవలసిన వార్త ఉంది. లోకంలో అంతకంటె గొప్ప వార్త లేదు. అయినా ఆయన వెంటనే చెప్పలేదు. మీరు ఏమి మాట్లాడుకుంటున్నారని అడిగాడు. వారు కొంత చెప్పి ఆగితే మళ్ళీ అడిగాడు. వారి మనసులో ఉన్నదంతా బయటికి వచ్చిన తరువాతే లేఖనాలు విప్పాడు. వారు ఆయనను గుర్తుపట్టింది దారిలో కాదు, ఇంట్లో భోజనానికి కూర్చొని రొట్టె విరిచినప్పుడు.

మొదట తోడు నడవడం, తరువాత అడగడం, తరువాత వినడం, ఆ తరువాతే మాట్లాడటం. ఈ నెల మీతో ఈ వరుసను గురించే చెప్పాలనుకుంటున్నాను.

మన సంఘాల్లో ఒక ఇంట మరణం కలిగితే మనం బాగానే కదులుతాం. ఊరంతా వస్తుంది. పాటలు పాడతాం, సమాధి కార్యక్రమం జరిగిస్తాం, ఆదరణ కూటం పెడతాం, భోజనాలు వడ్డిస్తాం. మరునాడు టెంటు విప్పుతారు, కుర్చీలు లెక్కపెట్టి ట్రాక్టరులో ఎక్కిస్తారు. అంతటితో మన పని అయిపోయిందనుకుంటాం. నిజానికి ఆ ఇంటివారికి దుఃఖం ఆ రోజు నుండే మొదలవుతుంది.

భర్తను పోగొట్టుకున్న సహోదరి దగ్గరకు కనీసం స్త్రీల సమాజం వారు వెళ్తారు, ప్రక్కన కూర్చుంటారు, కలిసి కన్నీరు కారుస్తారు. భార్యను పోగొట్టుకున్న మగవాని దగ్గర ఎవరు కూర్చుంటారు? అతడు పనికి వెళ్తున్నాడు, పలకరిస్తే పలుకుతున్నాడు, కాబట్టి బాగానే ఉన్నాడని అనుకుంటాం. మగవాడు ఏడవకూడదని చిన్నప్పటి నుండి నేర్పించింది మనమే. నేర్చుకున్నాడు కాబట్టి ఏడవడు.

నా బాల్యస్నేహితుడు ఒకడు హైస్కూలులో సోషల్ మాస్టారు. సంఘమంతా నన్ను అయ్యగారూ అని పిలిస్తే వాడొక్కడే ఒరేయ్ అంటాడు. కిందటి జూన్‌లో వాడి భార్య ప్రభువు నందు నిద్రించింది. ఇరవై రెండేళ్ళ కాపురం. ఆ తరువాత కూడా వాడు ప్రతి ఆదివారం గుడికి వచ్చాడు, కానుక వేశాడు, ఆరాధన కాగానే వెళ్ళిపోయాడు. నేను ఇంటికి వెళ్తే కుర్చీ వేసి, టీ పెట్టి, ఊరి సంగతులు మాట్లాడేవాడు. ప్రార్థన చేస్తానంటే తల వంచేవాడు. ఆమె మాట మాత్రం రానిచ్చేవాడు కాదు.

ఫిబ్రవరి నెలలో ఒక శనివారం ఉదయం వాడు తన స్ప్లెండర్ బండి తెచ్చి మా వాకిట్లో ఆపాడు. రెండవ హెల్మెట్ హ్యాండిలుకు వేలాడుతోంది.

"పద, అలా పోయొద్దాం."

"ఎక్కడికి?"

"ఊరికే. ఎక్కడికీ కాదు."

మా ఇంటి అమ్మగారు నా వంక చూసి, "వెళ్ళిరండి, ప్రసంగం రాత్రికి చూసుకోవచ్చు" అన్నది. బండి ఎక్కాను.

ఒంగోలు దాటి ఉత్తరంగా కొంతదూరం జాతీయ రహదారి మీద వెళ్ళి, లారీల హోరు భరించలేక మద్దిపాడు దిక్కున పొలాల దారి పట్టాం. ఆ దారుల్లో ముప్పై కిలోమీటర్ల వేగం దాటితే గుంతలు ఒప్పుకోవు. సుబాబుల్ తోటలు, వాటి ప్రక్కన పొగాకు బ్యారన్లు. బ్యారన్ల ముందు పాకల క్రింద ఆడవాళ్ళు కూర్చొని పచ్చాకును కర్రలకు అల్లుతున్నారు. ఆకు మగ్గే వాసన దారి పొడవునా ఉంది. శనగ పీకిన చేలల్లో కుప్పలు వేసి ఉన్నాయి. ఒకచోట గేదెల మంద దారికి అడ్డం వస్తే బండి ఆపి, అవి వెళ్ళేదాకా నిలబడ్డాం. తొందర లేనివానికి గేదెలు అడ్డం కావు.

బండి మీద ఒక సంగతి గమనించాను. ఇద్దరూ ముందుకే చూస్తారు. ఒకరి ముఖం ఒకరికి కనబడదు. ఎదురెదురుగా కూర్చుంటే గొంతులో ఆగిపోయే మాట, ముందు కూర్చున్నవాడు గాలిలోకి చెప్పినట్టు చెప్పగలడు. వెనుక కూర్చున్నవాడు సరిగా వినాలంటే కొంచెం ముందుకు వంగాలి. కాపరి పని కూడా అంతేనేమో అనిపించింది.

వెల్లంపల్లి దగ్గర గుండ్లకమ్మ ఒడ్డున బండి ఆపాం. నల్లమల కొండల్లో పుట్టి, కంభం చెరువును నింపి, మన జిల్లాను దాటి సముద్రంలో కలిసే నది ఇది. ఎగువన మల్లవరం దగ్గర కట్టిన రిజర్వాయరు 2008లో ప్రారంభమైంది. ఇసుకలో నడుస్తూ మావాడు పాఠం మొదలుపెట్టాడు. ఎనిమిది నెలలుగా వినబడని ఆ బడి గొంతు విని నేను సంతోషంగా విద్యార్థినైపోయాను.

1876 నుండి 1878 వరకు ఈ ప్రాంతాన్ని కాల్చివేసిన కరువును మన పెద్దలు ధాత కరువు అన్నారు. బకింగ్‌హాం కాలువ త్రవ్వకం కరువు పనిగా సాగుతున్నప్పుడు, ఒంగోలులో ఉన్న అమెరికన్ బాప్టిస్టు మిషనరీ జాన్ క్లౌ దొరగారు మూడున్నర మైళ్ళ త్రవ్వకాన్ని కంట్రాక్టుకు తీసుకొని, ఆకలితో వచ్చినవారికి కూలి దొరికే ఏర్పాటు చేశారు. తెలుగు బోధకులే ఆ పనికి మేస్త్రీలు. మధ్యాహ్నం కూలివారు పార దించి కూర్చున్నప్పుడు బోధకులు కూడా వారి ప్రక్కన కూర్చొని, వారి ఊళ్ళ సంగతులు, చనిపోయినవారి సంగతులు విని, క్రీస్తును గూర్చి చెప్పేవారు. కూటి కోసం మతం మార్చుకున్నారనే మాట రాకూడదని కరువు పనులు సాగినన్నాళ్ళు దొరగారు బాప్తిస్మాలు ఇవ్వలేదు. పనులు ముగిశాక, 1878 జూలై 3న, ఈ వెల్లంపల్లి దగ్గర ఇదే నదిలో 2,222 మంది బాప్తిస్మం పొందారు. ఆరుగురు బోధకులు ఇద్దరేసి చొప్పున వంతులు వేసుకొని నీళ్ళలో నిలిచారు.

"ఒరేయ్, అందరూ 2,222 అనే అంకె చెబుతారు. నేనూ పిల్లలకు అదే చెప్పాను. కాలువ గట్టున కూర్చొని విన్నవాళ్ళ సంగతి ఎవరు చెబుతారు?" అన్నాడు మావాడు. కాసేపు నీళ్ళ వంక చూశాడు. తరువాత మెల్లగా అన్నాడు: "నా దగ్గరకు వచ్చినవాళ్ళంతా దేవుని చిత్తం అన్నారు. అది నాకు తెలియదా? ఆమె పేరు మాత్రం ఒక్కరూ ఎత్తరు. ఎత్తితే నేను బాధపడతానట. ఆమె ఈ లోకంలో ఎప్పుడూ లేనట్టే మాట్లాడుతున్నారు."

నేను జవాబు చెప్పలేదు. ఆమె పేరు పలికి, ఆమె గుడిలో పిల్లలకు పాటలు నేర్పిన రోజులు గుర్తుచేశాను. ఎనిమిది నెలలుగా ఆగిన మాటలు అప్పుడు వచ్చాయి. ఆమె చేసే చింతకాయ పచ్చడి దగ్గర నుండి ఆసుపత్రిలో చివరి రాత్రి వరకు అన్నీ చెప్పాడు.

మళ్ళీ బండి ఎక్కాక మరొక పల్లె దారి పట్టించాడు. ఒక వేపచెట్టు దగ్గర దారి రెండుగా చీలింది. అక్కడ బండి ఆపేశాడు. ఎడమ దారి ఆమె పుట్టింటి ఊరికి వెళ్తుంది. అప్పటికి గాని నాకు అర్థం కాలేదు. వాడికి కూడా ఇంటి దగ్గర బయలుదేరినప్పుడు తెలియదట.

"అత్తమ్మ ఒక్కతే ఉంటుంది. జూన్ తరువాత నేను రాలేదు. ముందే పెద్ద ఆసుపత్రికి తీసుకుపోయి ఉంటే నా కూతురు బ్రతికేదని అడిగితే నేనేం చెప్పాలి?"

"వెళ్దాం" అని గాని "వద్దు" అని గాని నేను అనలేదు. చెట్టు క్రింద చాలాసేపు నిలబడ్డాం. చివరికి వాడే బండి స్టార్టు చేసి ఎడమ ప్రక్కకు తిప్పాడు.

ఆ తల్లి వాకిట్లో కందులు చెరుగుతోంది. అల్లుణ్ణి చూసి చేట ప్రక్కన పెట్టి లేచింది. ఎవరూ ఏమీ మాట్లాడలేదు. తరువాత ఆమె, "నాయనా, నువ్వు కూడా రాకపోతే నా బిడ్డను తలుచుకోవడానికి నాకెవరున్నారయ్యా?" అన్నది. ఇన్ని నెలలు వీడు ఆమె నిందిస్తుందని భయపడ్డాడు. ఆమేమో అల్లుడు తనను మరచిపోయాడని కుమిలింది. ఆసుపత్రి మాట ఆమె ఎత్తనే లేదు. వీడే ఎత్తి అంతా చెబితే, "నీ చేతనైనంత చేశావు, నేను చూశాను కదా" అన్నది. వేడి అన్నం, గోంగూర పచ్చడి, మజ్జిగ పెట్టింది. ఇద్దరూ ఆమె పేరు పలుకుతూ, ఏడుస్తూ, మధ్యలో నవ్వుతూ భోంచేశారు. నేను భోజనానికి ముందు చేసిన రెండు వాక్యాల ప్రార్థన తప్ప ఆ రోజు బోధ అంటూ ఏమీ చేయలేదు.

ప్రియులారా, వాడి దుఃఖం ఆ ఒక్క రోజుతో పోలేదు. పోవాలని కూడా నేను అనుకోను. కాని ఇప్పుడు నెలకొకసారి ఆ వేపచెట్టు దగ్గర ఆగకుండా ఎడమకు తిరుగుతున్నాడు. ఆ తల్లికి ఒక కొడుకు దొరికాడు.

యోబు స్నేహితులను మనం చాలా విమర్శిస్తాం. అయితే వారు మొదట చేసినది చూడండి. ఏడు పగళ్ళు, ఏడు రాత్రులు అతనితో నేల మీద కూర్చున్నారు, ఒక్క మాట పలకలేదు (యోబు 2:13). అంతవరకు వారు మంచి స్నేహితులే. వారు నోరు తెరచి అతని బాధకు కారణం చెప్పబోయినప్పుడు చెడిపోయింది. కారణాలు దేవునికి తెలుసు. మనకు అప్పగించబడిన పని ఏడ్చువారితో ఏడవడం (రోమా 12:15).

కాబట్టి మీ సంఘంలో, మీ వీధిలో ఒక్కసారి చూడండి. టెంటు విప్పిన తరువాత ఎవరూ తొంగిచూడని ఇల్లు ఏది? మరణం జరిగిన మూడవ నెల, ఆరవ నెల, మొదటి క్రిస్మసు, పెండ్లిరోజు, ఇవి బరువైన రోజులు. క్యాలెండరు మీద గుర్తు పెట్టుకోండి. సంఘ పెద్దలు, యౌవనస్థులు ఒక్కొక్క ఇంటిని తమదిగా తీసుకోండి. ఉత్త చేతులతో వెళ్ళినా ఫరవాలేదు. పోయినవారి పేరు పలకండి, వారు చేసిన మంచిని గుర్తుచేయండి, తరువాత వినండి.

ఇంట్లో మాట రాకపోతే బయటికి తీసుకువెళ్ళండి. బండి ఉంటే బండి మీద, ఇద్దరికీ హెల్మెట్లు పెట్టుకొని, నెమ్మదిగా వెళ్ళండి. బండి లేకపోతే చేను దాకా, చెరువు కట్ట దాకా నడవండి. ప్రభువు నడిచింది ఆమడ దూరమే. అంత దూరం తోడు రావడానికి డిప్లొమా అక్కరలేదు, ప్రసంగం అక్కరలేదు, ఒక పూట సమయం చాలు. మీరే దుఃఖంలో ఉన్నవారైతే, ఎవరైనా పిలిచినప్పుడు కాదనకండి. ఎవరూ పిలవకపోతే, మీరే ఒకరి వాకిట ఆగి "పద" అనండి. అలా అడగడం సిగ్గుపడవలసిన పని కాదు.

ప్రార్థన: ఎమ్మాయు దారిలో ఇద్దరి ప్రక్కన నడిచిన ప్రభువా, మా మధ్య మౌనంగా మోస్తున్నవారిని మాకు చూపించుము. తొందరపడి పలికే నోటికి కావలి ఉంచి, వినే చెవులు మాకు దయచేయుము. ఆగిపోయిన దారుల్లో అడుగు వేయడానికి మాకు ధైర్యమిమ్ము. మేము కూర్చొనే ప్రతి భోజనపు బల్ల దగ్గర నిన్ను గుర్తుపట్టు కృప మా కుటుంబాలకు అనుగ్రహించుము. యేసు నామమున, ఆమెన్.