మీ జేబులో ఏ మందు ఉంది?

మృగశిర కార్తె వచ్చిందంటే చేపమందు కోసం హైదరాబాదు నాంపల్లి ఎగ్జిబిషన్ మైదానంలో వేలమంది బారులు తీరుతారు. మా మెదక్ నుంచీ వెళ్ళేవారున్నారు. వారి నమ్మకంతో నాకు తగవు లేదు. నా ప్రశ్న ఒక్కటే: ఆ వరుసలో నిలబడి ఉండగానే ఆయాసం వస్తే, మీ జేబులో ఏ మందు ఉంది?

చాలామంది వద్ద ఉండేది సాల్బుటమాల్ మాత్ర. ప్రభుత్వ సర్వీసులో నేనూ ఎందరికో ఆ మాత్రలే రాశాను. కాని ఒక లెక్క చూడండి. ఇన్హేలర్‌ను ఒకసారి నొక్కితే వెలువడే సాల్బుటమాల్ 100 మైక్రోగ్రాములు. 4 మిల్లీగ్రాముల మాత్ర అంతకు 40 రెట్లు. అంత మందు మింగినా ఫలితం కనిపించడానికి దాదాపు అరగంట పడుతుంది. పైగా గుండెదడ, చేతుల వణుకు. పీల్చిన మందు కొద్ది నిమిషాల్లోనే పనిచేస్తుంది. ఇన్హేలర్ వ్యసనమవుతుందన్న భయం నిరాధారం.

అయితే సాల్బుటమాల్ ఇన్హేలర్ ఒక్కటే చాలునా? చాలదని నా అభిప్రాయం. ఉబ్బసానికి మూలం శ్వాసనాళాల లోపలి వాపు. సాల్బుటమాల్ బిగిసిన కండరాలను సడలిస్తుందే తప్ప వాపును తగ్గించదు. ఊపిరి తేలికైందని మనం ఊరట చెందుతాం. వాపు నివురుగప్పిన నిప్పులా మిగిలే ఉంటుంది. అందుకే 'గినా' అనే అంతర్జాతీయ సంస్థ 2019లో, పెద్దలూ కౌమార వయస్కులూ కేవలం సాల్బుటమాల్‌పై ఆధారపడరాదని చెప్పి, బుడెసొనైడ్, ఫార్మోటెరాల్ కలిసిన ఇన్హేలర్‌కు ప్రాధాన్యమిచ్చింది. ఫార్మోటెరాల్ త్వరగా ఊపిరి అందిస్తుంది. బుడెసొనైడ్ వాపును తగ్గిస్తుంది. సాల్మెటెరాల్ కలిసిన ఇన్హేలర్ మాత్రం ఈ అవసరానికి పనికిరాదు; దాని ప్రభావం నెమ్మదిగా మొదలవుతుంది. చిన్నపిల్లల విషయం వేరు. వారికి ఏది తగునో వైద్యుడే నిర్ణయించాలి.

బుడెసొనైడ్ స్టెరాయిడే. ఆ పేరు వినగానే జంకకండి. పీల్చే మోతాదు మైక్రోగ్రాములలో ఉంటుంది. ఆయాసం ముదిరినప్పుడల్లా వాడవలసివచ్చే స్టెరాయిడ్ మాత్రలు, ఇంజెక్షన్లే శరీరానికి ఎక్కువ భారం. పీల్చాక నోరు పుక్కిలిస్తే చాలు.

సంవత్సరంలో 3 సాల్బుటమాల్ ఇన్హేలర్లు ఖాళీ అయ్యాయంటే, అది ప్రమాద సూచన. వరికోతల దుమ్ము, చలికాలపు మంచు రాకముందే మీ ఇన్హేలర్‌ను వైద్యునికి చూపించి, "ఇందులో వాపు తగ్గించే మందు ఉందా?" అని అడగండి. ఒక వాక్యమైనా పూర్తిగా పలకలేనంత ఆయాసం వస్తే, తెల్లవారనిద్దామని ఆగకండి. ఇన్హేలర్ వాడుతూనే 108కి ఫోన్ చేయండి.