కొరడా పట్టిన చేతిలోనే కలం

"మామా, భీంకి చదువు రాదా?"

ఆర్ఆర్ఆర్ చూసి హాలు బయటికి రాగానే మా మేనల్లుడు అడిగిన మాట ఇది. వాడు ఆశ్రమ పాఠశాలలో ఏడో తరగతి. నాకు కోపం వచ్చింది, వాడి మీద కాదు.

2022లో వచ్చిన ఆ సినిమాలో రెండు దృశ్యాలు గుర్తు చేసుకోండి. తెల్లదొరల కొలువులో పోలీసుగా ఉన్న రామరాజు జనం చూస్తుండగా భీంని కొరడాతో కొడతాడు, మోకాళ్ళ మీద కూర్చోమంటాడు. భీం కూర్చోడు. ఇక చివర్లో, ఏం కావాలో కోరుకోమంటే భీం తనకూ తన వాళ్ళకూ చదువు చెప్పమంటాడు. అదే రామరాజు జెండా మీద 'జల్ జంగల్ జమీన్' అని రాస్తాడు. హాలంతా చప్పట్లు.

ఫ్రెంచి తత్వవేత్త మిషెల్ ఫూకో 1975లో శిక్ష గురించి ఒక పుస్తకం రాశాడు. 1757లో పారిస్‌లో ఒక మనిషిని జనం ముందు చిత్రహింసలు పెట్టి చంపిన ఘట్టంతో అది మొదలవుతుంది. ఆ వెంటనే, ఎనభై ఏళ్ళ తర్వాతి ఒక జైలు దినచర్య ఉంటుంది: ఎప్పుడు లేవాలి, ఎప్పుడు ప్రార్థన, ఎప్పుడు పని. కొరడా పోయి గంట వచ్చింది. అధికారం తగ్గిందా? లేదంటాడు ఫూకో. ఒంటిని చీల్చడం మాని, ఒంటికి అలవాట్లు నేర్పింది. బడి, జైలు, సైనిక శిబిరం ఒకే తీరున నడిచాయి.

ఇది మనకు ఫూకో చెప్పాలా? నేరస్థ జాతుల చట్టం కింద సెటిల్‌మెంట్లలో హాజరు పలికిన ఎరుకల తాతల కథలు వినలేదా? నేను చదివిన హాస్టల్లో గోండి మాట్లాడితే బెత్తం దెబ్బ. కొన్నాళ్ళకు బెత్తం అక్కర్లేకపోయింది. ఎవడైనా గోండి మాట్లాడితే మేమే పేరు రాసి ఇచ్చేవాళ్ళం. నేనూ ఒక పేరు ఇచ్చాను.

చదువు వద్దనడం లేదు. ఆ చదువుతోనే ఇది రాస్తున్నాను. కొరడాని దౌర్జన్యమని చూపించిన సినిమా కలాన్ని మాత్రం దానంగా చూపించింది, నా పేచీ అక్కడ. అదంతా కల్పనే కదా అంటారు. కల్పనే అయితే అక్షరాలు భీం చేతిలో పెట్టి, రామరాజుని నేర్చుకోమనొచ్చుగా? కల్పన ఎప్పుడూ ఒకవైపే ఎందుకు వాలుతుంది?

1940లో జోడేఘాట్‌లో నిజాం పోలీసుల తూటాలకు ఒరిగిన భీం, అంతకుముందు చాందాలో అచ్చుయంత్రం దగ్గర పనిచేస్తూ చదవడం, రాయడం నేర్చుకున్నాడని ఆయన గురించిన కథనాలు చెబుతాయి. ఆదిలాబాద్ జిల్లా గుంజాలలో గోండులు సొంత లిపిలో రాసుకున్న పాత ప్రతులు దొరికాయి. ఆ లిపి 2018లో యూనికోడ్‌లో కూడా చేరింది. సినిమా వచ్చింది ఆ తర్వాత నాలుగేళ్ళకు.

ఇదంతా మా వాడికి బస్సులో చెప్పాను. వచ్చే ఆదివారం గుంజాల తీసుకెళ్తానన్నాను.

"హాస్టల్లో పర్మిషన్ ఇస్తారా మామా?" అన్నాడు.